డిస్క్ నిండిపోయి మైఎస్‌క్యూఎల్ స్టార్ట్ అవ్వట్లేదు, బిన్‌లాగ్ ఫైళ్లు చేత్తో తీసేయొచ్చా?

అందరికీ నమస్తే. బేగంబజార్‌లో మా బాబాయి వాళ్ల హోల్‌సేల్ షాపు బిల్లింగ్ సర్వర్ నేనే చూసుకుంటాను. ఉబుంటు, మైఎస్‌క్యూఎల్ 8.0 డేటాబేస్, 100 జీబీ డిస్క్. పొద్దున కరెంటు పోయి వచ్చాక మైఎస్‌క్యూఎల్ లేవట్లేదు. ఎర్రర్ లాగ్‌లో చివరి లైను: "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్".

డిస్క్ ఎంత నిండిందో చూపే డీఎఫ్ కమాండ్ కొడితే 100%. ఐనోడ్‌లు (ఫైలుకి ఒకటి చొప్పున వాడే ఎంట్రీలు) బోలెడు ఖాళీ, కాబట్టి అది కాదు. జర్నల్ లాగ్‌లు, ఏపీటీ (ప్యాకేజీలు దించే టూల్) క్యాష్ తీసేస్తే 2 జీబీ దాకా వచ్చింది, అయినా అవైలబుల్ దగ్గర సున్నానే! ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా రూట్ (అడ్మిన్) యూజర్ కోసం 5% పక్కన పెడుతుంది కదా, ఆ 2 జీబీ అందులోకే పోయిందనుకుంటా. ఆ పక్కన పెట్టే వాటాను ట్యూన్2ఎఫ్ఎస్ కమాండ్‌తో 1% చేస్తే డేటాకి ఏమైనా ప్రమాదమా?

అసలు జాగా తింటున్నది బిన్‌లాగ్‌లు, అంటే డేటాబేస్‌లో జరిగిన మార్పులు రాసుకునే ఫైళ్లు. 8.0లో అవి డిఫాల్ట్‌గా ఆన్, 30 రోజులు ఉంటాయి. పాతవి తీసేసే పర్జ్ కమాండ్ కొడదామంటే సర్వరే లేవట్లేదాయె. రెప్లికా (డేటా కాపీ ఉంచుకునే రెండో సర్వర్) ఏమీ లేదు. పాతవాటిని పెన్‌డ్రైవ్‌లోకి మార్చి, వాటి జాబితా ఉండే ఇండెక్స్ ఫైల్లో ఆ లైన్లు తీసేస్తే సరిపోతుందా? డేటాబేస్‌కి కీలకమైన ఐబీడేటా ఫైల్ జోలికి మాత్రం పోలేదు, పోను కూడా.

షాపులో ప్రస్తుతం కాగితం మీద బిల్లులు రాస్తున్నారు. ఇలా చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే, ముందు ఏది చేయాలో చెప్పండి ప్లీజ్.