పాత డ్రంక్ డ్రైవింగ్ కేసు ఉంది, ఎయిర్‌లైన్ పైలట్ అవ్వొచ్చా? (టెక్సస్, 2018)

బేగంపేట_డాబా
అందరికీ నమస్తే. డల్లాస్‌లో ఉంటా, 31 ఏళ్ళు, పోయిన ఏడాదే సిటిజన్‌షిప్ వచ్చింది. చిన్నప్పుడు మా ఇల్లు బేగంపేట ఎయిర్‌పోర్ట్ దగ్గర, 2008లో శంషాబాద్‌కి మారిపోయేదాకా రోజూ డాబా ఎక్కి విమానాలు చూసేవాణ్ణి, ఆ పిచ్చి ఇంకా పోలేదు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ జాబ్ వదిలి ఫ్లయిట్ స్కూల్లో చేరదామని ఉంది.

సమస్య ఏంటంటే 2018లో ఫ్రెండ్ రిసెప్షన్ నుంచి వస్తుంటే పోలీసులు ఆపారు, బ్లో చేస్తే ఆల్కహాల్ 0.13 వచ్చింది, డీడబ్ల్యూఐ (తాగి బండి నడపడం) కన్విక్షన్ పడింది, ఏడాది ప్రొబేషన్, క్లాసులు అన్నీ పూర్తి చేశా. ఆ రాత్రి నా వల్ల ఎవరికీ ఏం కాలేదు, కానీ అవ్వొచ్చు కదా అని ఇప్పటికీ గుర్తొస్తుంది. అప్పట్నుంచి తాగి స్టీరింగ్ పట్టలేదు, అసలు తాగడమే మానేశా. మా ఆవిడకి తెలుసు, నాన్నకి తెలీదు.

స్కూల్ దగ్గర ఒకాయన "ఏడేళ్ళు దాటిపోయింది, మెడికల్ ఫారంలో రాయకు, ఎవడూ చూడడు" అన్నాడు. ట్రైనింగ్‌కి దాదాపు లక్ష డాలర్లు అప్పు తియ్యాలి. అంత పెట్టాక చివర్లో ఈ కేసు దగ్గర ఆగిపోతే ఏం చెయ్యాలి? తెలిసినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.

కుడిసీటు
తమ్ముడూ, నేను ఒక రీజనల్ ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌ని (కో-పైలట్). ముందు ఆ స్కూలాయన మాట మర్చిపో. మెడ్‌ఎక్స్‌ప్రెస్ అని పైలట్ మెడికల్‌కి నింపే ఫారంలో 18వ ప్రశ్నలో "వి" అని ఒకటి ఉంటుంది, డ్రంక్ డ్రైవింగ్‌కి సంబంధించి అరెస్ట్, కన్విక్షన్, లైసెన్స్ సస్పెన్షన్ ఏదైనా నీ జీవితంలో ఎప్పుడైనా జరిగిందా అని అడుగుతారు. ఎప్పుడైనా అంటే ఎప్పుడైనానే, మూడేళ్ళు ఏడేళ్ళు అనే లెక్క అక్కడ లేదు, కేసు కొట్టేసినా అరెస్ట్ మాత్రం రాయాల్సిందే. పైగా ఆ ఫారం మీద సంతకం పెట్టావంటే నేషనల్ డ్రైవర్ రిజిస్టర్‌లో నీ రికార్డు చూసుకోమని ఎఫ్ఏఏకి (అమెరికా విమానయాన రెగ్యులేటర్) నువ్వే పర్మిషన్ ఇచ్చినట్టు.

నీ కేసులో నాకు ధైర్యం ఇచ్చేది ఆ 0.13. 0.15 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చి ఉంటే, లేదా బ్లో చెయ్యనని ఉంటే, డాక్టర్ (ఏఎంఈ అంటాం) అక్కడికక్కడ మెడికల్ ఇవ్వలేడు, ఫైలు ఎఫ్ఏఏకి పంపాలి, అక్కడ నెలల తరబడి కూర్చుంటుంది. నీది ఒక్కటే సంఘటన, పాతది, 0.15 కన్నా కిందే ఉంది, కాబట్టి దారి ఉంది. అయినా కాగితాలు అడుగుతారు: పోలీస్ రిపోర్ట్, కోర్టు రికార్డు, బ్లో రిజల్ట్, డ్రైవింగ్ రికార్డు, క్లాసులు చేసిన సర్టిఫికెట్. టెక్సస్‌లో కోర్టు కేసు వేరు, లైసెన్స్ సస్పెండ్ చేసే ఏఎల్ఆర్ వేరు, రెండిటి కాగితాలూ తీసుకో.

ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు. ఫారం నింపి ఆ కన్ఫర్మేషన్ నంబర్ డాక్టర్‌కి ఇచ్చి ఆయన సిస్టమ్‌లో ఓపెన్ చేశాడంటే ఇక వెనక్కి తీసుకోలేం, ఇవ్వడమో, పైకి పంపడమో, రిజెక్ట్ చెయ్యడమో ఏదో ఒకటి అవ్వాలి. అందుకే ముందు ఫారం లేకుండా ఒట్టి కన్సల్టేషన్ తీసుకో, హిమ్స్ ఏఎంఈ అయితే ఇంకా మంచిది, ఆల్కహాల్ కేసుల్లో ట్రైనింగ్ ఉన్న డాక్టర్లు వాళ్ళు. ఎయిర్‌లైన్ పైలట్‌కి కావాల్సిన ఫస్ట్ క్లాస్ మెడికల్ చేతికొచ్చేదాకా ఒక్క డాలర్ అప్పు తియ్యకు.

మళ్ళీ_మొదట్నుంచి
నేను రాయలేదు. అందుకే చెప్తున్నా.

నాది కూడా ఒకటే కేసు, కాలేజీ రోజుల్లోది, ఇక్కడ ఎవరో చెప్పినట్టే "పాతది కదా" అని నో కొట్టా. ప్రైవేట్, ఇన్‌స్ట్రుమెంట్, కమర్షియల్ పైలట్ పరీక్షలన్నీ అయిపోయి స్టూడెంట్లకి నేర్పుతూ గంటలు పోగేసుకుంటున్నా, 900 దాటాయి, అప్పుడు ఎఫ్ఏఏ నుంచి లెటర్ వచ్చింది. తాగి బండి నడిపినందుకు కాదు బ్రో, అబద్ధం రాసినందుకు మొత్తం సర్టిఫికెట్లు రివోక్ చేశారు. ఏడాది దాకా దేనికీ అప్లై చెయ్యడానికి లేదు, తర్వాత మళ్ళీ స్టూడెంట్ పైలట్ దగ్గర్నుంచి పరీక్షలన్నీ రాయాలి. ఆ ఫారం మీద అబద్ధానికి చట్టంలో 5 ఏళ్ళ జైలు, రెండున్నర లక్షల డాలర్ల ఫైన్ దాకా ఉంది, నన్ను కోర్టుకి లాగలేదు అంతే. ఆ లెటర్ వచ్చిన రోజు మా అమ్మ ఫోన్ చేస్తే ఎత్తలేకపోయా.

యెస్ అని రాసుంటే నాకు ఒకట్రెండు నెలలు లేటయ్యేదేమో. దయచేసి నాలా చెయ్యకు.

కుడిసీటు
చెప్పినందుకు థ్యాంక్స్ బ్రో, ఇలాంటిది ఎవరూ బయటికి చెప్పరు.

ఒకటి అడగడం మర్చిపోయా తమ్ముడూ, 2018లో నీ దగ్గర స్టూడెంట్ పైలట్ సర్టిఫికెట్ ఉందా? ఉంటే విషయం మారిపోతుంది. సర్టిఫికెట్ ఉన్నవాడికి ఇలాంటిది జరిగితే 60 రోజుల్లోపు ఓక్లహోమా సిటీలో ఉన్న ఎఫ్ఏఏ సెక్యూరిటీ ఆఫీసుకి విడిగా రాసి పంపాలి, అది 61.15 రూలు. మెడికల్ ఫారంలో చెప్పా కదా అంటే సరిపోదు, రెండూ వేరు వేరు.

తప్పు చేసినవాడు మళ్ళీ పైకి రాడని మాత్రం అనుకోకు. 1990 మార్చిలో నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ కెప్టెన్ లైల్ ప్రౌజ్, ఇంకో ఇద్దరు, తాగిన మత్తులోనే ఫార్గో నుంచి మినియాపొలిస్‌కి ప్యాసింజర్లతో ఫ్లయిట్ నడిపి అరెస్ట్ అయ్యారు. ఆయన జైలుకెళ్ళాడు, లైసెన్సులన్నీ పోయాయి, తాగుడు మానేసి మళ్ళీ అన్నీ తెచ్చుకుని అదే కంపెనీలో 747 కెప్టెన్‌గా రిటైర్ అయ్యాడు. నీది దాంతో పోల్చేది కూడా కాదు.

టొరంటో_సుబ్బారావు_గారి_అల్లుడు
అందరూ మెడికల్ గురించే చెప్తున్నారు, కెనడా సంగతి ఎవరూ ఎత్తలేదు. అమెరికా ఎయిర్‌లైన్స్ చాలావాటికి కెనడా రూట్లు ఉంటాయి, పైలట్ అక్కడ దిగి రాత్రి ఉండగలగాలి, అప్లికేషన్లోనే అడుగుతారు. కెనడాలో డ్రంక్ డ్రైవింగ్ కేసు ఉన్నవాణ్ణి బోర్డర్లో ఆపేసే అధికారం ఉంది. 2018 డిసెంబర్ 18 నుంచి దాన్ని ఇంకా పెద్ద నేరం కింద లెక్కేస్తున్నారు. శిక్ష మొత్తం పూర్తయ్యి 5 ఏళ్ళు దాటితే క్రిమినల్ రీహాబిలిటేషన్‌కి అప్లై చెయ్యొచ్చు, ఒకసారి వస్తే మళ్ళీ మళ్ళీ అడగక్కర్లేదు. మీ ప్రొబేషన్ అయ్యి 5 ఏళ్ళు దాటింది కాబట్టి ఇప్పుడే మొదలెట్టండి, ఎయిర్‌లైన్‌లో చేరడానికి కావాల్సిన 1500 గంటల ఫ్లయింగ్ పూర్తయ్యేలోపు అది కూడా చేతికొస్తుంది.

కూకట్‌పల్లి_కేడెట్
అన్నా, నాది ఇండియా డౌట్. మొన్న డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికా, గోషామహల్‌లో కౌన్సెలింగ్‌కి కూడా వెళ్ళొచ్చా, ఇంకా కోర్టు ఉంది. నా సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) సంగతేంటి?

కుడిసీటు
కేడెట్ తమ్ముడూ, నీది మోటార్ వెహికల్స్ యాక్ట్ 185 సెక్షన్, 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే కేసు. ముందు లాయర్‌తో మాట్లాడకుండా కోర్టుకెళ్ళి ఒప్పేసుకోవద్దు, అక్కడ ఫైన్ కడితే అయిపోయిందనుకుంటారు గానీ అది కన్విక్షనే. ఎయిర్‌పోర్ట్ ఎంట్రీ పాస్‌కి పోలీస్ వెరిఫికేషన్ ఉంటుంది, అక్కడ దాచావంటే ఇంకా ఇరుక్కుంటావు. అలవాటు ఉంటే మాత్రం ఇప్పుడే మానెయ్, డీజీసీఏ (ఇండియా విమానయాన రెగ్యులేటర్) రూల్లో ఫ్లయిట్‌కి 12 గంటల ముందు నుంచి ముట్టకూడదు, బ్రెత్ టెస్ట్‌లో మొదటిసారి దొరికితే 3 నెలలు సస్పెన్షన్, రెండోసారి 3 ఏళ్ళు.

బేగంపేట_డాబా
అందరికీ చాలా థ్యాంక్స్. 2018లో నా దగ్గర ఏ సర్టిఫికెట్టూ లేదు, డబ్బులు కట్టి అరగంట డిస్కవరీ ఫ్లయిట్ ఎక్కానంతే. పొద్దున కౌంటీ క్లర్క్ ఆఫీసుకి ఫోన్ చేశా, సర్టిఫైడ్ కాపీలు వారంలో ఇస్తామన్నారు. హిమ్స్ డాక్టర్‌తో వచ్చే గురువారం కన్సల్టేషన్, ఫారం ఇంకా ముట్టుకోలేదు. కెనడా సంగతి అసలు ఊహించలేదు అల్లుడు గారూ, ఆ కాగితాలు కూడా చూస్తున్నా.

రాత్రి నాన్నకి కూడా చెప్పేశా. చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఆ డాక్టర్ ఏమన్నాడో గురువారం ఫోన్ చెయ్యి" అన్నారు.