అప్‌డేట్: తాతగారి టేకు తలుపుల నుంచి రాలిన పొడి చెదల వల్ల కాదు

మండువా ఇల్లు పడగొట్టినప్పుడు ద్వారబంధంతో సహా తెచ్చుకున్న తలుపుల నుంచి సన్నని పొడి రాలుతోందని, హాల్లో బిగించవచ్చా అని రెండు నెలల క్రితం అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

కింద నల్ల కాగితం పరిచి చూడమన్న సలహాయే దారి చూపింది. పొడి ఒక్కచోటే, వెనుక అడ్డపట్టీ కిందే పడింది. అది ఎప్పుడో మరమ్మతులో వేసిన మామిడి చెక్క అని, పట్టింది పొడి పురుగు అని వడ్రంగి తేల్చారు. చెదలైతే మట్టి దారులు కనిపించేవట. టేకు చేవకు ఏమీ కాలేదు. ఆ పట్టీ తీసేసి పాత టేకు ముక్క వేశారు. పురుగుకు కొందరు సూచించిన కిరోసిన్ పూత అవసరమే పడలేదు.

తలుపుల పాత రంగు తీసే విషయంలో మాత్రం దయచేసి జాగ్రత్త. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండవచ్చు, గరుకు కాగితంతో పొడిగా రుద్దకండి. మేము మాస్కులు పెట్టుకుని, రంగు తీసే జెల్ పూసి గీకాం. నాలుగు పొరల కింద చిలకలు, తామరలు బయటపడ్డాయి! తర్వాత అవిసె నూనె పట్టించాం, ఇత్తడి గడియను చింతపండుతో తోమాం.

ద్వారబంధం మీది తోరణాల మేకులను మాత్రం తీయనివ్వలేదు. నాయనమ్మ ప్రతి ఉగాదికీ మామిడాకులు కట్టింది వాటికే.