రైతు సంస్థ డైరెక్టర్ల రెండు రోజుల శిబిరం ఎక్కడ పెట్టుకోవాలి?

వేరుశనగ రైతు (అనంతపురం జిల్లా):
మాది 2020 నాటి కేంద్ర పథకం కింద ఏర్పడి, ఉత్పత్తిదారుల కంపెనీగా నమోదైన ఎఫ్‌పీఓ (రైతు ఉత్పత్తిదారుల సంస్థ). పదిమంది డైరెక్టర్లలో నలుగురు మహిళలు. రాబోయే సంవత్సరాల ప్రణాళిక కోసం మే నెలలో రెండు రోజుల శిబిరం పెట్టుకోవాలని నిర్ణయించాం. తిరుపతి వెళ్లి అక్కడే బస చేసి మాట్లాడుకుందామని కొందరు అంటున్నారు. సభ్యుల వాటాధనంతో నడిచే సంస్థకు అంత ఖర్చు తగదని, మా కార్యాలయంలోనే కూర్చోవాలని మిగిలినవారి వాదన. మీ అభిప్రాయాలు తెలుపగలరు.

కరీంనగర్ డైరెక్టరు:
బయటికే వెళ్లండి. కార్యాలయంలో కూర్చుంటే ఎరువుల లారీ వచ్చిందని ఒకరు, బ్యాంకు నుంచి ఫోనని మరొకరు లేచిపోతారు. మధ్యాహ్నానికి సగం కుర్చీలు ఖాళీ అవుతాయి.

సంఘాల ఆడిటరు:
లేచిపోతారన్నది నిజమే, కానీ తిరుపతి దానికి మందు కాదు. పాడి పశువులను, పిల్లలను వదిలి రాత్రి బస చేయడం మీ మహిళా డైరెక్టర్లలో ఎందరికి వీలవుతుందో ముందు వారినే అడగండి. వారు రాలేని చోట తయారైన ప్రణాళికను బోర్డు ప్రణాళిక అనడానికి నాకు మనసొప్పదు. దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో శిక్షణ మందిరం దొరికితే ఉదయం వచ్చి సాయంత్రం ఇళ్లకు వెళ్లవచ్చు, లారీలూ కనబడవు.

స్థలం కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది చర్చాంశాల జాబితా. ఇలాంటి శిబిరాల్లో విత్తనాలు, గోదాము, సభ్యత్వం, లైసెన్సులు అంటూ పన్నెండు అంశాలు పెట్టి, ఒక్కదానిలోనూ లోతుకు దిగకుండా ఫొటోతో ముగించడం చూశాను. మీ పథకం నిర్వహణ ఖర్చులకు మూడేళ్లపాటు గరిష్ఠంగా 18 లక్షల రూపాయల వరకు సాయం ఇస్తుంది. ఆ గడువు తీరాక సీఈఓ (సంస్థ రోజువారీ పనులు నడిపే ముఖ్య అధికారి) జీతం, కార్యాలయం అద్దె ఏ వ్యాపారం మీద వచ్చే మిగులుతో చెల్లిస్తారు? ఎరువులు, విత్తనాల అమ్మకంలో మిగిలేది చాలుతుందా, లేక కాయ ఒలిచి పప్పుగా అమ్మే స్థాయికి వెళ్లాలా? మొదటి రోజంతా ఈ ఒక్క ప్రశ్నకే ఇవ్వండి. గత సంవత్సరాల లాభనష్టాల పట్టికను, ఏ సరుకు మీద ఎంత మిగిలిందో చూపే ఒక పేజీని వారం ముందే తెలుగులో అందరికీ పంచండి. అంకెలు అప్పుడే మొదటిసారి చూసేవారు మాట్లాడరు, తలూపుతారు.

చట్టం సంగతి కూడా మరవకండి. ఉత్పత్తిదారుల కంపెనీ బోర్డు సమావేశానికి సాధారణంగా ఏడు రోజుల ముందు రాతపూర్వక నోటీసు, డైరెక్టర్లలో మూడో వంతు, కనీసం ముగ్గురి హాజరు ఉండాలి. శిబిరంలో అనుకున్న మాటలు వాటంతటవే తీర్మానాలు కావు. నోటీసుతో తర్వాతి సమావేశం జరిపి నమోదు చేయండి. సెప్టెంబరులోగా జరిగే సర్వసభ్య సమావేశానికి వాటిని తీసుకెళ్లడానికి మే నెల అనుకూలమే.

రెండో రోజు ఉదయం ఒక గంట సీఈఓ లేకుండా కూర్చోండి.

కరీంనగర్ డైరెక్టరు:
మిగతావన్నీ ఒప్పుకుంటాను, చివరి మాట తప్ప. చట్టప్రకారం సీఈఓ పదవీరీత్యా డైరెక్టరు. ఆయనను బయట కూర్చోబెడితే అనుమానాలు పుడతాయి.

సంఘాల ఆడిటరు:
అనుమానం రాకూడదనే ఆ గంటను ముందే కార్యక్రమంలో రాసి, ఆయనకు చెప్పి పెట్టమంటున్నాను. నిర్ణయాలేవీ అందులో తీసుకోకూడదు. లెక్కలన్నీ ఆయన చేతిలోనే ఉన్నప్పుడు, ఆయన ఎదుట సందేహం అడగడానికి జంకే రైతు డైరెక్టరుకు ఆ గంట అవసరం. అడిగిన ప్రశ్నలను అధ్యక్షురాలో అధ్యక్షుడో ఆ మధ్యాహ్నమే, ఎవరు అడిగారన్నది చెప్పకుండా, ఆయన ముందుంచి సమాధానం కోరాలి.