‘బాల్ ఫైవ్’ అని అరవడం అదృష్టం కోసమేనా?

ప్రశ్న (కాలేజ్ స్టేషన్ విద్యార్థి):
మొన్న శనివారం టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం ఓల్సెన్ ఫీల్డ్‌లో మొదటిసారి బేస్‌బాల్ ఆట చూశాను. అవతలి పిచ్చర్ (బంతి విసిరేవాడు) నాలుగు ‘బాల్స్’, అంటే గురి తప్పగా బ్యాటర్ కొట్టకుండా వదిలేసిన బంతులు, వేయడంతో మన బ్యాటర్ మొదటి బేస్‌కు నడిచి వెళ్లాడు. లెక్క అక్కడితో అయిపోవాలి కదా! తరువాతి బ్యాటర్‌కు వేసిన తొలి బంతి కూడా గురి తప్పేసరికి జనమంతా ఒక్క గొంతుతో ‘బాల్ ఫైవ్’ అన్నారు, ఆ తరువాతి బంతికి ‘బాల్ సిక్స్’ అన్నారు. మన జట్టుకు పరుగు రాగానే నా ముందు వరుసలోని ఒక పెద్దావిడ సంచిలోంచి చిన్న సీసా తీసి, మూతకున్న పుల్లను ముంచి సబ్బు బుడగలు ఊదారు. ఇవి అదృష్టం కోసం పాటించే ఆచారాలా, పిచ్చర్‌ను కంగారు పెట్టే ఎత్తుగడలా?

జవాబు (పాత విద్యార్థి):
మీరు చూసినవి రెండూ వేరువేరు సంగతులు. పిచ్చర్ ఒక స్ట్రైక్ (గురిలో పడిన బంతి, లేదా బ్యాటర్ ఊపినా తగలని బంతి) వేసేదాకా ఆ లెక్క ఆగదు కాబట్టి, అది అతని మనసు మీద పనిచేసే ఒత్తిడి అనే నేను అంటాను. బుడగలు పరుగు వచ్చాక ఊదేవి, అంటే అది సంతోషం. అసలైన నమ్మకం జట్టు వెనకబడినప్పుడే బయటపడుతుంది. అప్పుడు టోపీని లోపలి వైపు బయటికి తిప్పి పెట్టుకుంటారు. దీన్నే ‘ర్యాలీ క్యాప్’ అంటారు; ఇక్కడ ‘ర్యాలీ’ అంటే వెనకబడిన జట్టు తిరిగి పుంజుకోవడం.

జవాబు (టాలహాసీ నుంచి):
నమ్మకమంటే మా ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయానిది. డిక్ హౌజర్ స్టేడియంలో ‘యానిమల్స్ ఆఫ్ సెక్షన్ బి’ అనే అభిమానుల బృందం అయిదో ఇన్నింగ్స్ (రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేసే విడత) మధ్యలో లేచి నిలబడి కెనడా జాతీయ గీతం పాడుతుంది. మా విశ్వవిద్యాలయానికీ కెనడాకూ ఏ చుట్టరికమూ లేదు. పిచ్చర్‌ను బెదిరించడానికి ఎవరూ అలా పాడరు గదా! నేను కూడా వాళ్లతో పాటు లేచి నిలబడతాను. ఆ పాట లేకుండా ఆరో ఇన్నింగ్స్ మొదలైతే నా మనసు ఒప్పుకోదు.

జవాబు (మిసిసిపీ స్టేట్ విశ్వవిద్యాలయ జట్టు అభిమాని):
కొన్ని ఆచారాలు ఆటగాళ్ల నుంచే పుడతాయి. 2018లో మా డగౌట్‌లో ఒక ఆటగాడు అరటిపండు పట్టుకుని సరదాగా చేసిన చేష్ట టీవీలో కనిపించింది. ఆ పండు ‘ర్యాలీ బనానా’ అయి, కాలేజ్ వరల్డ్ సిరీస్ (కళాశాల జట్ల జాతీయ టైటిల్ తేల్చే చివరి పోటీ) జరిగే ఒమాహా దాకా మా వెంట వచ్చింది. స్టాండ్లలో అరటి గెలలు కనిపించాయి, పండు వేషాలు కట్టినవాళ్లూ ఉన్నారు. ఒరెగాన్ స్టేట్ చేతిలో ఓడి ఇంటిముఖం పట్టాం; మా మొదటి జాతీయ టైటిల్ 2021లో వచ్చింది. ఓడిన ఆ ఏడాది గురించే మా వాళ్లు ఇప్పటికీ ప్రేమగా చెప్పుకుంటారు.

ప్రశ్నించినవారు:
అందరికీ కృతజ్ఞతలు. మా ఇంట్లో క్రికెట్ చూసేటప్పుడు భాగస్వామ్యం కుదిరితే, ఎవరు ఎక్కడ కూర్చున్నారో అక్కడినుంచి కదలకూడదని అమ్మమ్మ పట్టుబట్టేది. దాహమేసినా ఓవర్ అయ్యేదాకా ఆగాల్సిందే. అయిదో ఇన్నింగ్స్ పాట ఆవిడకు వెంటనే అర్థమై ఉండేది. వచ్చే ఆటకు నేనూ ఒక బుడగల సీసా కొనుక్కుని, మళ్లీ ఆ పెద్దావిడ వెనక వరుసలోనే కూర్చుంటాను.