పాత క్యాసెట్ల పాటలు మళ్ళీ ఎలా సంపాదించుకున్నారు? నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్ళు చెప్పండి

బ్యారన్ రాత్రులు (కందుకూరు):
మా నాన్న పొగాకు బ్యారన్ (ఆకును వేడికి ఆరబెట్టే కొట్టం) కాల్చే రోజుల్లో రాత్రిళ్ళు నేనూ కాపలా ఉండేవాడిని. పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ, థర్మామీటర్ చూసుకుంటూ తెల్లవార్లూ మేలుకోవాలి. మాకు తోడు టేప్‌రికార్డరే. రికార్డింగ్ షాపులో పాటల చీటీ ఇస్తే 60 నిమిషాల క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చేవాళ్ళు. మాది మొత్తం పదమూడు పాటలు. క్యాసెట్ ఎప్పుడో పోయింది గానీ, ఏ పాట తర్వాత ఏది వస్తుందో నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. పోయిన నెల పదకొండు పాటలు డౌన్‌లోడ్ చేసి అదే వరసలో పెట్టుకున్నాను. మొదటి పాటకే కళ్ళనీళ్ళు వచ్చాయి.

ఒక్క పాట మాత్రం తేడా కొడుతోంది. డెబ్బైల్లో బాలు గారు పాడింది. గొంతు అదే, వెనక మాత్రం మాకు తెలియని బీట్ ఏదో మోగుతోంది. మీకెవరికైనా ఇలా అయిందా? దొరకని రెండింటిలో ఒకటి రేడియోలో వచ్చిన లలిత గీతం.

పెన్నా గట్టు (నెల్లూరు):
అయింది అన్నా. పాత పాటలకు కొత్త బీట్ కలిపి మళ్ళీ అమ్మినవి చాలా ఉన్నాయి. ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. ఆ రోజుల పాటలు ఎక్కువగా మోనో, రెండు చెవుల్లో ఒకే శబ్దం వస్తుంది. తాళం కుడికీ ఎడమకీ తిరుగుతుంటే అనుమానించాల్సిందే. నిడివి కూడా చూడండి. సినిమాలో ఉన్న చరణం రికార్డులో లేకపోవడం మామూలే, కాబట్టి ఒకే పాట రెండు నిడివుల్లో దొరుకుతుంది.

మాది తిప్పరాజువారి వీధికి దగ్గర. అక్కడి సొంతింటిని బాలు గారు 2020లో వేద పాఠశాల కోసం ఇచ్చేశారు. అదే ఏడాది సెప్టెంబరు 25న పోయారు. ఆ రాత్రి కూర్చుని వెతకడం మొదలుపెట్టాను, ఇప్పటికీ ఆపలేదు.

గూడూరు అక్క:
యాప్‌లో డౌన్‌లోడ్ చేశాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు తమ్ముళ్ళూ. చందా ఆపేస్తే అవి వినపడవు. నావి రెండు వందల పాటలు అట్టాగే పోయాయి. కొని ఫైలుగా దించుకున్నవే మనవి.

ఉప్పుగాలి (కొత్తపట్నం):
ఇంట్లో క్యాసెట్లు ఉంటే దయచేసి పారేయొద్దు. కొన్ని ఎక్కడా డౌన్‌లోడ్‌కి దొరకవు. మా ఊరి తిరునాళ్ళ నాటకం పద్యాలు మా అన్న మైకు ముందు పెట్టి రికార్డు చేశాడు. సముద్రపు గాలికి టేపు అంచున తెల్లగా బూజు పట్టింది. అట్టాగే వేస్తే టేప్‌రికార్డర్‌లో టేపును చదివే హెడ్ పాడవుతుందని ముందు క్యాసెట్ డబ్బా స్క్రూలు విప్పి, టేపు మెల్లగా తుడిచి, వేరే డబ్బాలోకి మార్చాను. హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేశాను. గొంతు మసకగా వినిపిస్తుంటే హెడ్ పక్కనున్న చిన్న స్క్రూ కొద్దికొద్దిగా తిప్పాలి. ఒకచోట మాట తేటపడుతుంది, అక్కడ ఆపాలి.

టేప్‌రికార్డర్ నుంచి కంప్యూటర్ లైన్‌ఇన్‌కి వైరు పెట్టి ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించుకున్నాను. ముందు వేవ్ (WAV) ఫైలుగానే, అంటే శబ్దాన్ని కుదించకుండా దాచండి. నిమిషానికి పది ఎంబీ, అంటే 60 నిమిషాల క్యాసెట్‌కి 600 ఎంబీ దాకా అవుతుంది. ఫోన్‌కి కావాలంటే దాన్నుంచే 320 కేబీపీఎస్ నాణ్యతలో ఎంపీత్రీ చేసుకోవచ్చు. బుస్సుమనే శబ్దం తీసేద్దామని మరీ నొక్కితే గొంతులో గాలి కూడా పోతుంది. నేను కొంత అట్టాగే ఉంచేశాను. ఎందుకంటే కాటిసీను పద్యం అవగానే జనం 'వన్స్‌మోర్' అని అరుస్తారు. ఆ కేకల్లో మా పెదనాయన గొంతు ఉంది. ఆయనది మాకు మిగిలిన గొంతు అదొక్కటే.

బ్యారన్ రాత్రులు (కందుకూరు):
పెన్నా గట్టు తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే చేశాను. నా దగ్గరున్నదాంట్లో బీట్ రెండు చెవులకీ మారుతోంది. మోనోది వెతికితే దొరికింది, ఒక చరణం ఎక్కువ కూడా ఉంది. నిన్న రాత్రి నాన్నకి వరసగా అన్నీ వినిపించాను. ఏడో పాట అయిపోగానే ఆయన చెయ్యి దానంతటదే క్యాసెట్ తిప్పడానికి లేచింది.

ఉప్పుగాలి అన్నా, మా మేనమామ ఇంట్లో రేడియోలో పట్టిన క్యాసెట్ ఒకటి బయటపడింది. దాని నిండా బూజే. అందులో ఆ లలిత గీతం ఉందంటున్నాడు. వేసి చూడలేదు. ఆదివారం కొత్తపట్నం తీసుకొస్తాను, ఇంట్లో ఉంటారా?

ఉప్పుగాలి (కొత్తపట్నం):
ఉంటాను. ఎండలో పెట్టకుండా గుడ్డలో చుట్టి తీసుకురా.