ఇంట్లో బీరు: మాష్ అయ్యాక గ్రావిటీ 1.032 దగ్గరే ఆగింది, తప్పెక్కడ?

కొత్తకుండ (డల్లాస్):
సామాను ఇంతే: 15 లీటర్ల స్టీలు గిన్నె, నైలాన్ జాలీ సంచి, వంటింటి థర్మామీటర్, గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్. 2.5 కిలోల పేల్ మాల్ట్‌ని (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) మిక్సీలో పట్టి, 8 లీటర్ల నీళ్లు 67 డిగ్రీలకు కాచి అందులో పోశాను. మూతపెట్టి గంట ఉంచి (ఇదే మాష్), సంచి ఎత్తి, 4 లీటర్ల వేణ్నీళ్లతో కడిగితే మొత్తం 10 లీటర్లు వచ్చింది. మరగబెట్టక ముందు గ్రావిటీ (రసంలో చక్కెర ఎంతుందో చెప్పే సాంద్రత) 1.032. కనీసం 1.050 వస్తుందనుకున్నా. ఇంకోటి, రాగి మాల్ట్ కలపొచ్చా?

బార్లీబావ:
67 ఉండాల్సింది నీళ్లు కాదండీ, గింజ కలిశాక మాష్. 20 డిగ్రీల మాల్ట్ పడగానే మీది 62కి దిగిపోయి ఉంటుంది, గంటలో ఇంకా చల్లారుతుంది. బార్లీలోని పిండి ఉబ్బి జావయ్యేదే 60-65 మధ్య. అది విచ్చుకోకుండా, దాన్ని చక్కెరగా మార్చే ఎంజైములు ఏం చేస్తాయి?

లెక్క ఇది: 0.41ని కిలోకి ఎన్ని లీటర్లో దానితో (మీకు 3.2) భాగించి, మాష్ వేడికీ గింజ వేడికీ ఉన్న తేడాతో గుణించండి. 6 వస్తుంది. అంటే 67కి 6 కలిపి, నీళ్లు 73కి కాయాలి.

గింజ ఒక్కసారిగా గుమ్మరించొద్దు. ఉప్మాలో రవ్వ పోసినట్టు ఒక చేత్తో పోస్తూ, ఇంకో చేత్తో కలపాలి. ఉండ కడితే లోపల పొడిపిండి అలాగే ఉండిపోతుంది. తర్వాత పెరుగు తోడుపెట్టిన గిన్నెలా రగ్గు చుట్టేయండి. మళ్లీ మంట పెట్టాల్సొస్తే అడుగున ఇడ్లీ రేకు బోర్లించండి, లేదంటే సంచి అడుగంటి కాలిపోతుంది.

మిక్సీ మీద నాకు పెద్ద నమ్మకం లేదు: సగం మైదా, సగం చెక్కుచెదరని గింజ. గుప్పెడు తీసి చూడండి, ఒక్క గింజ కూడా పగలకుండా ఉండకూడదు. కొన్నచోటే మిల్లు పట్టించుకోండి.

లోటా:
రీడింగ్ తీసినప్పుడు శాంపిల్ వేడి ఎంత?

కొత్తకుండ:
50 ఉంటుందేమో. చల్లార్చలేదు.

లోటా:
అయితే మీటరు తక్కువ చూపించింది. దాని మీద 20 డిగ్రీలని రాసుంటే, 50 దగ్గర సుమారు 10 పాయింట్లు (ఒక పాయింటు అంటే 0.001) కలపాలి. అసలు మీది 1.042. 2.5 కిలోల మాల్ట్ నుంచి 10 లీటర్లకు గరిష్ఠంగా 75 పాయింట్లు రావాలి, మీకు 42 వచ్చాయి, 56 శాతం. 70 శాతం పట్టినా 1.052 వచ్చేది. మిగతా లోటు బార్లీబావ గారు చెప్పిన కారణాలదే.

ఈసారి గంట కాగానే ఒక చుక్క తెల్ల ప్లేటు మీద వేసి టింక్చర్ అయోడిన్ కలపండి. నల్లబడితే పిండి ఇంకా ఉంది, మరో 20 నిమిషాలు ఉంచండి. పొట్టు ముక్క పడితే ఊరికే నల్లబడుతుంది, రసం మాత్రమే తీయాలి. ఆ చుక్క పారబోయండి.

రాగుల సంగతి: డబ్బాలో దొరికే రాగి మాల్ట్ వేయించినది, ఎంజైములు చచ్చిపోయి ఉంటాయి. చక్కెర, పాలపొడి కూడా ఉంటాయేమో లేబుల్ చూడండి. రాగిపిండి కలపాలంటే సంకటిలా ఉడికించి, 67కి చల్లార్చి, బార్లీ మాల్ట్‌లో కలపండి. మొత్తంలో 15 శాతం దాటించకండి.

బార్లీబావ:
చేతిలో ఉన్నది పారబోయకండి. మరిగేటప్పుడు 250 గ్రాముల పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మాల్ట్ రసాన్ని ఎండబెట్టిన పొడి) వేస్తే 10 లీటర్లకు 9 పాయింట్లు పెరుగుతాయి. మంట ఆపి కలపండి, లేకపోతే పొంగి స్టవ్వంతా జిగురు.