డబుల్ క్లచ్ ఆటవెలది: "నాదమెత్తి"నా, "నాద మెత్త"నా?

పాతలారీ:
బెజవాడ ఆటోనగర్‌లో మా మేనమామ గేర్‌బాక్సులు విప్పే షెడ్డు గోడ మీద డబుల్ క్లచ్ గురించి, అంటే ఒక్క గేరు మార్చడానికి క్లచ్ రెండుసార్లు తొక్కడం గురించి, ఒక ఆటవెలది పద్యం ఉండేది. ఆ గోడకు ఎప్పుడో సున్నం కొట్టేశారు. రెండు పాదాలూ మకుటమూ నోటికొస్తున్నాయి, మూడో పాదం ఎంత గింజుకున్నా రావడం లేదు.

తొక్కి విడువవలయు తొక్కగావలె మళ్ళి
నడుమ న్యూట్రలందు నాదమెత్తి
. . . . . . .
విశ్వకర్మ సాక్షి వినుర డ్రైవ

ఎవరికైనా తెలిస్తే పూరించండి.

యతిప్రియ:
మూడో పాదం సంగతి తర్వాత. రెండో పాదం మొదటి గణం చూడండి. "నడుమ" తర్వాత "న్యూ" వచ్చింది. సంయుక్తాక్షరం ముందు మ గురువైతే సగణం (లఘువు, లఘువు, గురువు) అవుతుంది, ఇక్కడ రావాల్సిన సూర్యగణం (నగణమో గలమో) చెడింది. ఎవరో తర్వాత మార్చినట్టుంది.

చంపకం:
ఎవరూ మార్చలేదండీ. వేరే మాట మొదట సంయుక్తాక్షరం ఉంటే ముందరి తెలుగు మాట చివరి హ్రస్వం తేలికగానే ఉంటుంది. మకుటం చూడండి, "వినుర డ్రైవ". అక్కడా ర లఘువైతేనే నగణం (మూడు లఘువులు). కవి రెండుచోట్లా ఒకే లెక్క పాటించాడు.

లేషాఫ్ట్:
గణాలు సరే, అర్థం చూడండి. "నాదమెత్తి" అంటే న్యూట్రల్‌లో ఉండగా ఆక్సిలేటరు తొక్కి ఇంజను రొద పెంచడం. అది గేరు దించేటప్పుడు మాత్రమే చేస్తాం. మూడో గేరు నిష్పత్తి 2.4 (మెయిన్ షాఫ్టు ఒకసారి తిరిగితే ఇంజను 2.4 సార్లు), నాలుగోది 1.5 అనుకోండి. బరువుతో ఘాట్ రోడ్డు ఎక్కుతూ నాలుగులో ఇంజను నిమిషానికి 1250 చుట్లకు పడిపోయింది. అదే వేగంలో మూడు పడాలంటే ఇంజను 2000 తిరగాలి. మెయిన్ షాఫ్టు చక్రాలకు కట్టుబడి ఉంది, దాన్ని మనం ఏమీ చేయలేం. అందుకే ఇంజన్నీ దానితోపాటు లే షాఫ్టునీ (గేర్‌బాక్సులో ఇంజను వైపు నుంచి తిరిగే పక్క షాఫ్టు) పైకి లేపాలి.

చంపకం:
లే షాఫ్టు ఎందుకు లేవాలి? క్లచ్ తొక్కే ఉంది కదా?

లేషాఫ్ట్:
అక్కడే ఉంది కిటుకు. క్లచ్ తొక్కి ఉంచి ఎంత రొద చేసినా ఆ వేగం గేర్‌బాక్సు లోపలికి పోదు. న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలితేనే ఇన్‌పుట్ షాఫ్టూ లే షాఫ్టూ ఇంజనుతో తిరుగుతాయి. మొదటి పాదంలో "విడువవలయు" అన్నదే అసలు పాఠం, తక్కినదంతా అలంకారం.

ఏడుకొండలు:
రిటైరైన బస్సు డ్రైవరును. నేను విన్నది "నాదమెత్తి" కాదు, "నాద మెత్త". తర్వాతి పాదం "నైన"తో మొదలవుతుంది. మాట విరిచి కింది పాదంలోకి దించాడు. అంటే రొద మెత్తనైన తర్వాత అని. గేరు పెంచేటప్పుడు అదే కదా పని. పై లెక్కనే తిరగేయండి, మూడులో 2000 మీద ఉన్న ఇంజను 1250కి దిగేదాకా చెవి ఒగ్గి కూర్చోవాలి. తొందరపడితే కరకరమంటుంది.

యతిప్రియ:
"నాదము మెత్తన" అనాలి. "ము" ఎగిరిపోయింది. "నాదమెత్తి" అయితే నాదము + ఎత్తి, ఉకారసంధి, నిక్షేపంగా ఉంది. పాఠం అదే.

ఏడుకొండలు:
సంధి కుదిరింది గనుక గేరు పడిందంటారా మాస్టారూ?

పళ్ళచక్రం:
ఒక చిన్న సవరణ. "గేరు పళ్ళు కొరికింది" అంటాం గానీ నేటి లారీల్లో కొరికేవి గేరు పళ్ళు కావు. కాన్‌స్టంట్ మెష్‌లో బండిని ముందుకు నడిపే గేర్లన్నీ జతలు జతలుగా ఎప్పుడూ కలిసే ఉంటాయి, మెయిన్ షాఫ్టు మీద ఊరికే తిరుగుతుంటాయి. ఏదో ఒకదాన్ని షాఫ్టుకు బిగించేది డాగ్ అనే పక్కకు జరిగే పళ్ళ ముక్క. ఆ డాగ్ పళ్ళు అరగడమే మనం వినే కరకర. గేర్లే జరిగి కలిసే స్లైడింగ్ మెష్ బండ్ల కాలంలో మాత్రం ఆ మాట అక్షరాలా నిజం.

వేమన్నదాసు:
గేర్లు పక్కన పెట్టండి. ఈ పద్యం వేమన్నకు ఎదురుజవాబు, ఎవరూ గమనించలేదా? "పట్టు పట్టరాదు పట్టి విడువరాదు" అని ఆయన. "తొక్కి విడువవలయు" అని ఈయన. వేమన్న లారీ నడిపి ఉంటే ఆ పద్యం రాసేవాడు కాదు.

చంపకం:
ఆ పద్యం రెండో పాదం "పట్టెనేని బిగియ బట్టవలయు"నా, "పట్టినేని"నా? మా తాతగారు రెండోది చదివేవారు.

వేమన్నదాసు:
పట్టెనేని. ఇందులో సందేహమేముంది?

చంపకం:
పట్టె అన్నా పట్టి అన్నా గలమే (గురువు, లఘువు), యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం) ఎటూ ప-బలకు చెల్లుతుంది. ఛందస్సు మీ వైపు సాక్ష్యం చెప్పదు. బ్రౌను 1829లో అచ్చు వేయించకముందు ఎన్ని నోళ్ళు తిరిగాయో ఆ పద్యాలు.

వేమన్నదాసు:
"పట్టినేని" అంటే వ్యాకరణం ఏడుస్తుంది. పట్టెను + ఏని, అంతే.

లేషాఫ్ట్:
అయ్యా, పాతలారీ గారి మూడో పాదం... నేను పూరిస్తున్నా. "వేగ మొక్కటైన వేళ గేరును వేయి". యతి వే-వే, గణాలూ సరే, యంత్రశాస్త్రమూ సరే.

ఏడుకొండలు:
బాగుంది గానీ గేరు పెంచేందుకూ దించేందుకూ రెంటికీ సరిపోతుంది, తగువు తీరలేదు. నాది "నైన వెనుక గేరు నవ్వుతూ పడునయా". నై-న యతి.

యతిప్రియ:
ఐకారానికి అకారంతో మైత్రి ఉంది, ఒప్పుకుంటా. "నవ్వుతూ" మాత్రం గ్రామ్యం. "నవ్వుచున్" అనండి.

ఏడుకొండలు:
షెడ్డు గోడ మీద "నవ్వుచున్" ఎవరు రాస్తారు సార్.

కొత్తబస్సు:
ఇంత గొడవ ఎందుకండీ, సింక్రోమెష్ వచ్చి ఎన్నేళ్ళయింది? 1928లోనే కాడిలాక్ కార్లలో పెట్టారు. శంకువులాంటి రింగు ముందుగా ఒరుసుకుని రెండు వేగాలూ కలిపేస్తుంది, ఆ తర్వాతే పళ్ళు కలుస్తాయి. తిరుమలకు 2022 నుంచి కరెంటు బస్సులూ ఎక్కుతున్నాయి, వాటికి క్లచ్ పెడలే లేదు.

పళ్ళచక్రం:
అమెరికా పెద్ద లారీల్లో సింక్రో లేని గేర్‌బాక్సులు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ ఆరితేరినవాళ్ళు బండి కదలడానికీ ఆగడానికీ తప్ప క్లచ్చే తొక్కరు, ఇంజను చప్పుడు చూసి గేరు జారుస్తారు. రింగు అరిగిన పాత బండి చేతికొచ్చినప్పుడు తెలుస్తుంది ఈ పద్యం విలువ.

ఏడుకొండలు:
దిగుడులో మరీ ముఖ్యం. తిరుమలలో 1944 నాటి పాత ఘాట్ రోడ్డు ఇప్పుడు కొండ దిగడానికే. వాలు మొదలవకముందే చిన్న గేరులో పడాలి. దిగుతూ దించబోయి న్యూట్రల్‌లో ఇరుక్కుంటే ఇంజను పట్టు పోతుంది, మొత్తం భారం బ్రేకుల మీదే. అవి కాగిపోతే ఇక పట్టవు.

లేషాఫ్ట్:
అంటే గేరు దించడం గురించే! "నాదమెత్తి" అని మీరే ఒప్పుకున్నట్టు.

ఏడుకొండలు:
పద్యం దిగుడు గురించని ఎవరన్నారు?

పాతలారీ:
మామయ్యకు ఫోన్ చేశాను. రాసింది ఆయన కాదట, ఒక క్లీనరట. మూడో పాదం ఆయనకూ గుర్తులేదు. గోడ మీద మాత్రం "నాధ" అని ధకారంతో ఉండేదన్నాడు.

యతిప్రియ:
"నాధ" అన్న మాటే లేదు. "నాథ" కావాలి, థకారం. అప్పుడది సంబోధన అవుతుంది, ఓ నాథా అని. "మెత్తి" అంటే ఏమిటో చూడాలి. మెత్తు ధాతువు పూయడం కదా, గ్రీజు మెత్తి అనా?